ఎవరూ ఎత్తని నంబరు

ఇంట్లోంచి బయటికొచ్చి, తలుపు లాగి, తాళం పడ్డ చప్పుడు విన్నాక కూడా ఆమె దాన్ని మూడు రకాలుగా నెట్టి చూస్తుంది. మొదట తనలాగే, మామూలుగా. తర్వాత వేళ్ళ కొసలతో, పసిపిల్లలా. చివరికి భుజం ఆనించి, దొంగలా. మూడింటికీ తలుపు కదలకపోతేనే మెట్లు దిగుతుంది. ఈ తతంగం చూసి చూసి పక్కింటి పిన్నిగారు ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"లోపల మీ అమ్మ ఉందిగా తల్లీ! ఇంతకీ దొంగ లోపలికి రాకూడదనా, అమ్మ బయటికి పోకూడదనా నీ బెంగ?"

ఆమె నవ్వి ఊరుకుంది. సమాధానం చెప్పాలంటే ఉద్యోగం గురించి చెప్పాలి. అది పిన్నిగారికి ఎన్నిసార్లు చెప్పినా, "అంటే ఒకళ్ళు వండిందాన్ని నువ్వు రుచి చూసి వంకలు పెడతావు, అంతేగా" అనేది. నిజానికి అంతే. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టరు. ఒకళ్ళు రాసిన ప్రోగ్రాముకు వంకలు పెట్టినందుకు జీతం తీసుకుంటుంది. ఆఫీసులో ఆమెకు పెట్టిన పేరు చాదస్తం. ముఖం మీదే అంటారు, ప్రేమగానే అంటారు.

కొత్తగా చేరినవాళ్ళు ఒక పరీక్ష రాసి, అందులోకి ఒక మనిషి వివరాలు పంపి, సరైన జవాబు వస్తే సంబరపడిపోతారు. ఆమెకు అలా తృప్తి ఉండదు. వంతెన గట్టిదని తేలాలంటే దాని మీద ఒక్కడు నడిస్తే చాలదు. పసివాడు నడవాలి, బస్తా మోసేవాడు నడవాలి, కుంటుతూ ఒకడు, పరుగెత్తుతూ ఒకడు వెళ్ళాలి. అందుకే ఆమె పరీక్ష ఒక్కటే రాసి, దానికి మనుషుల పట్టిక తగిలిస్తుంది. పట్టికలో ఒక్కో వరుస ఒక్కో మనిషి. మీట నొక్కితే చాలు, అదే పరీక్ష ఒక్కో వరుసనూ తీసుకుని మొదటినుంచి చివరిదాకా నడుస్తుంది. నెగ్గిన వరుస ఆకుపచ్చ, ఓడినది ఎరుపు. రోజూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళగానే ఆ మీట నొక్కి టీ తెచ్చుకోవడం ఆమె పని.

అప్పట్లో వాళ్ళు తయారుచేస్తున్నది ఒక ఆస్పత్రి కోసం. పేరూ పుట్టినతేదీ ఫోన్ నంబరూ ఇస్తే, అది వయసు లెక్కగట్టి, ఆ వయసుకు వేయించాల్సిన టీకా గురించో, చేయించుకోవాల్సిన పరీక్ష గురించో పేరూ వయసూ వేసి ఫోనుకు సందేశం పంపుతుంది. పద్దెనిమిది నిండేదాకా సందేశం తల్లిదండ్రుల పేరున పోతుంది, "మీ బాబుకు" అని. నిండాక నేరుగా ఆ మనిషికే, "గారూ, మీకు" అని.

ఆమె వరుసలు పేర్చుకుంది. ఆరు వారాల పసివాడు, బడికి వెళ్ళే ఐదేళ్ళవాడు, పదిహేడేళ్ళవాడు, పద్దెనిమిది నిండినవాడు, నలభై, అరవై, చివరికి నూట ఇరవై. తప్పులన్నీ అంచుల్లోనే కాపురం ఉంటాయని వాళ్ళ వృత్తిలో ఒక నమ్మకం. ఒక నియమం ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోటే లెక్క తడబడుతుంది. నడుమ ఉన్నవాళ్ళ గురించి దిగులు పడక్కర్లేదు.

పేరు దగ్గరకు వచ్చేసరికి ఆమె వేళ్ళు వాటంతట అవే "ఉడత" అని కొట్టేశాయి.

ఉడత ఆమె తమ్ముడు. ఒకచోట కుదురుగా కూర్చోడని నాన్న బతికుండగా పెట్టిన ముద్దుపేరు. ఇంటి గడప దాటి ఆ పేరు ఎవరికీ తెలియదు. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఒక సాయంత్రం ఛాతీ పట్టేసినట్టుందన్నాడు. అమ్మా, అక్కా, వాడూ, ముగ్గురూ కలిసి వీధి చివరి క్లినిక్కుకు వెళ్ళారు. డాక్టరు స్టెతస్కోపు ఆనించి చూసి, "ఈ వయసులో గుండెకేమవుతుందయ్యా, ప్రేమిస్తే తప్ప" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది వాడే. తెల్లారి వాడు లేవలేదు.

ఇక ఫోన్ నంబరు. ఏదో ఒక పది అంకెలు కొట్టేయడానికి ఆమెకు మనసొప్పదు. ఏ నంబరు కల్పించినా అది ఎవరో ఒకరిది అయి ఊరుకుంటుంది. పరీక్షల్లో పుట్టే సందేశాలు నిజంగా బయటికి పోవు. మధ్యలో ఒక ఉత్తుత్తి పెట్టె ఉంటుంది, అన్నీ దాంట్లోనే పడతాయి. అయినా చాదస్తం చాదస్తమే. ఈ లోకంలో ఎవరూ ఎత్తని నంబరు ఒకటి ఆమెకు కంఠతా వచ్చు. ఫోను కొన్న రోజున తమ్ముడు దాన్ని పాటలా పాడుకుంటూ ఇల్లంతా తిరిగాడు. అన్ని వరుసల్లోనూ అదే పేరూ, అదే నంబరూ పెట్టింది.

వాడు పోయి రెండేళ్ళు దాటినా ఆమె ఆ నంబరుకు ఒక్కసారీ ఫోన్ చేయలేదు. మోగి మోగి ఆగిపోతే తట్టుకోలేదు. వాడుకలో లేదని ఎవరో ఆడగొంతు చెబితే అసలే తట్టుకోలేదు. ఆ పాటికి అది ఆగిపోయే ఉంటుందని అనుకుంది, అంతే. ప్రతిదాన్నీ పది రకాలుగా పరీక్షించే మనిషి, పరీక్షించకుండా నమ్మినది అదొక్కటే.

కొడుకు పోయాక అమ్మ మాట పొదుపైపోయింది. అవుననీ కాదనీ తప్ప మూడో మాట వచ్చేది కాదు. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. అలాంటిది, ఒక సాయంత్రం భోజనాల దగ్గర ఉన్నట్టుండి అడిగింది.

"ఏమే, వాడికి అరవై నిండేసరికి మీ నాన్నలాగే బట్టతల వచ్చేదంటావా?"

ఆమె నీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "ఎవరికమ్మా?"

"ఎవరికేంటి, ఉడతకి. వాడిది నా జుట్టులే. వచ్చేది కాదేమో." ఇంకాస్త కూర వేసుకుని, "అరవై నిండితే కంటి పరీక్ష ఊరికే చేస్తారట," అంది.

అమ్మ మాట్లాడుతోందన్న సంతోషంలో ఆమె ఇంకేమీ అడగలేదు. అడగలేదు గానీ గిన్నెలు కడుగుతున్నంతసేపూ ఆ మాట మనసులో ముల్లులా కదులుతూనే ఉంది. అరవై నిండినవాళ్ళకు కంటి పరీక్ష ఉచితం. ఆ మాట ఆమె పట్టికలో ఉంది. ఆస్పత్రివాళ్ళు ఇంకా ఎక్కడా ప్రకటించని మాట.

మర్నాడు అమ్మ ఇంకొకటి అందుకుంది. "పద్దెనిమిది నిండగానే తల్లిని ఎలా పక్కకు నెట్టేస్తారో చూడు. అప్పటిదాకా మీ బాబు, మీ బాబు అంటారు. ఆ తర్వాత అంతా గారూ గారూ అని వాడితోనే."

"ఎవరంటారమ్మా?"

"లోకం," అంది అమ్మ.

నిద్రలో తనే గొణుగుతోందేమో అనుకుంది ఆమె. లాప్‌టాప్ తెరిచి పెట్టి మర్చిపోయిందేమో అనుకుని, దాన్ని ఆఫీసులోనే వదిలి రావడం మొదలుపెట్టింది. అయినా ఆగలేదు. పక్కింటి పిన్నిగారు మెట్ల మీద ఎదురై, "మీ అమ్మకిప్పుడు బాగుందమ్మాయ్. పొద్దున్నే తలదువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని, కుర్చీ కిటికీ దగ్గరకు లాక్కుంటోంది. ఎవరో వస్తున్నట్టు," అంది. ఆ వారంలోనే ఒకసారి అమ్మ టీవీ చూస్తూ చూస్తూ తల తిప్పి అడిగింది.

"నూట ఇరవై ఏళ్ళు బతికితే వాణ్ణెవరు చూసుకుంటారే? అప్పటికి నువ్వుండవుగా."

"ఉండనమ్మా."

"నేనూ ఉండను," అంది అమ్మ, మిగిలిన బెంగల్లా అదొక్కటే అన్నట్టు.

అప్పటినుంచీ ఆమెకు ఇంటికి రావాలంటే భయం, ఆఫీసుకు పోవాలన్నా భయం. మీట నొక్కి టీ తెచ్చుకునేలోగా తెర మీద ఉడత పుట్టేవాడు, బడికి పోయేవాడు, మీసాలొచ్చేవి, ముసలివాడయ్యేవాడు. టీ చల్లారేసరికి నూట ఇరవై నిండేవి. మర్నాడు పొద్దున్న మళ్ళీ ఆరు వారాల పసివాడు. ఇన్నాళ్ళూ అవి వరుసలు. ఇప్పుడు ఒక్కొక్కటీ ఆకుపచ్చబడుతుంటే ఎవరో ఒక్కో గదిలో దీపం వేసుకుంటూ వస్తున్నట్టుండేది. సాయంత్రం ఏ వరుస అమ్మ నోట వస్తుందోనని దారంతా లెక్క వేసుకునేది. పేరు మార్చేద్దామని రెండుసార్లు పట్టిక తెరిచింది. చెరిపేయడానికి చేయి రాలేదు.

ఒకరోజు ఆమెకు జ్వరం తగిలింది. ఆఫీసులో పోరితే లాప్‌టాప్ ఇంటికి పంపారు. పొద్దున్నే మంచం మీద దిండుకు ఆనుకుని, దుప్పటి కప్పుకుని మీట నొక్కింది. మొదటి వరుస ఆకుపచ్చబడింది.

పక్కగదిలో ఏదో టింగుమంది.

చెంచా కిందపడిందేమో అనుకుంది. రెండో వరుస, ఐదేళ్ళవాడు. ఆకుపచ్చ. టింగు. మూడో వరుస పేరు నింపుకుంది, తేదీ నింపుకుంది, నంబరు నింపుకుంది, కాసేపు ఆగింది, ఆకుపచ్చబడింది. టింగు. ఇక చూడలేక ఆమె పరీక్షను అక్కడే ఆపేసింది. టింగులూ ఆగిపోయాయి. కుళాయి చుక్కలు వినబడుతున్నాయి.

పక్కగదిలోంచి అమ్మ గొంతు వచ్చింది, కాస్త కంగారుగా.

"ఏమే, నీకు ఫోన్ల సంగతి తెలుసుగా, ఇలా రా ఒకసారి. ఇవాళ పదిహేడు దగ్గరే ఆగిపోయాడు."

గోడ పట్టుకుని వెళ్ళి చూసింది. అమ్మ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఒళ్ళో తమ్ముడి ఫోను, పగిలిన మూల దగ్గర వాడు అంటించిన బొమ్మతో సహా. "సిగ్నల్ లేదేమో, చూస్తానమ్మా" అని అప్పటికి ఏదో అని బయటపడి, వంటింట్లోకి పోయి టీమ్ లీడుకు ఫోన్ చేసింది. అతన్ని అందరూ సుడిగాలి అంటారు. వస్తాడు, పది పనులు మొదలుపెడతాడు, వెళ్ళిపోతాడు.

"సార్, ఆ ఉత్తుత్తి పెట్టె తీసేశారా?"

"ఏ పెట్టె? ఓ అదా. మొన్నామధ్య ఆస్పత్రివాళ్ళకు చూపించడానికి అసలు దారి తెరిచాను... మళ్ళీ మూశానా?"

"మూయలేదు సార్."

"కొంప మునిగింది! ఎంతమందికి వెళ్ళాయి?"

"ఒక్క నంబరుకే."

"హమ్మయ్య. నీ చాదస్తమే మమ్మల్ని గట్టెక్కించింది. అది ఎవరూ ఎత్తని నంబరన్నావుగా? ఇంకేం మరి. మధ్యాహ్నానికల్లా మూసేస్తాను, నువ్వు మాత్రేసుకుని పడుకో."

అతనికి అక్కడితో అయిపోయింది. ఆమె వంటింటి గట్టు పట్టుకుని అలాగే నిలబడింది. మధ్యాహ్నానికి దారి మూసుకుపోతుంది. రేపు పొద్దున అమ్మ తలదువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. ఎవరూ పుట్టరు. ఎల్లుండీ పుట్టరు. ఇప్పుడిప్పుడే అమ్మకు తిండి సహిస్తోంది. సుడిగాలిని ఇంకో వారం ఆగమంటే ఆగుతాడు, ఏం చెప్పినా నమ్ముతాడు. ఆస్పత్రివాళ్ళు పంపడం మానేశారని అమ్మకు ఒక అబద్ధం చెప్పినా సరిపోతుంది. ఆ రెంటినీ కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అబద్ధం చెబితే, మళ్ళీ మొదలుపెడతారేమోనని అమ్మ రోజూ ఎదురుచూస్తుంది. ఆగమంటే, తనే రోజూ పొద్దున్న ఆ మీట నొక్కుతూ అమ్మ ఒళ్ళోకి తమ్ముణ్ణి పంపుతుండాలి, తెలిసి తెలిసీ.

వెళ్ళి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఆ ఫోను ఇంకా పనిచేస్తోందా అమ్మా?"

"ఎందుకు చేయదు? కింద ఫోన్ల షాపతను నెలనెలా డబ్బులు వేస్తాడు."

"నాకు చెప్పలేదే."

"నువ్వు అడిగితేగా."

"అవి నేను పంపినవమ్మా," అంది ఆమె. అమ్మకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది, పట్టిక గురించి, వరుసల గురించి, మూయడం మర్చిపోయిన దారి గురించి. అమ్మ మధ్యలో అడ్డుపడకుండా విన్నది. విని, ఫోను తెర మీద దుమ్మేదో ఉన్నట్టు కొంగుతో తుడిచింది.

"వాడే పంపుతున్నాడని నేనేం అనుకోలేదే. చచ్చినవాళ్ళు టీకాల గురించి మాట్లాడతారా? అంత పిచ్చిదాన్నా? కానీ ఉడత అని ఉంది చూడు, అదే నాకు అంతుపట్టలేదు. బయటెవరో ఒకరు వాణ్ణి ఇంకా ఆ పేరుతో తలుచుకుంటున్నారనుకున్నాను. ఎవరైతేనేం అనుకున్నాను."

"నేనేనమ్మా."

"నువ్వేగా." ఫోను తెర ఆమె వైపు తిప్పింది. "వాడి నంబరెందుకు పెట్టావు?"

"ఎవరూ ఎత్తరని."

అమ్మ ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. "ఎవరూ ఎత్తరా? నేను చచ్చానా? ఇన్నాళ్ళుగా దీన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానే, ఎవరైనా చేస్తారేమోనని! వాడి స్నేహితులు నాలుగు రోజులు చేశారు, మానేశారు. పరాయివాళ్ళు, మానేస్తారు. నువ్వు? ఒకే కప్పు కింద ఉండి, ఒక్కసారి చేశావుటే? చేసుంటే ఎత్తేదాన్నిగా!"

జ్వరంతో ఆమె పళ్ళు టకటకలాడుతున్నాయి. అమ్మ కోపంగానే దుప్పటి తెచ్చి ఆమె భుజాల మీద పడేసింది. చాలాసేపటికి గొంతు తగ్గించి అడిగింది.

"అన్ని వయసులూ వచ్చాయి. వాడి వయసే రాలేదు. రోజూ చూసేదాన్ని, పద్దెనిమిది తర్వాత అదొస్తుందేమోనని. ఒక్క గెంతులో నలభైకి పోయేవాడు. అదేం లెక్కే?"

"తప్పులు అంచుల్లోనే ఉంటాయమ్మా. నడుమ ఏమీ..." అని ఆగిపోయింది.

"రేపు అది పెట్టు. ఇరవై నాలుగు. ఒక్కసారి రానీ నా దగ్గరికి. ఆ తర్వాత అడగను."

మర్నాడు జ్వరంతోనే ఆఫీసుకు వెళ్ళింది. సుడిగాలి చెప్పినట్టే దారి మూసేశాడు. ఒక్క నిమిషం తెరవమంటే తెరుస్తాడు, తిట్టుకుంటూ అయినా. ముందు ఉత్తుత్తి పెట్టెలోకి పంపి చూసుకుందామని పట్టికలో పద్దెనిమిదికీ నలభైకీ మధ్య ఒక వరుస చేర్చింది. ఉడత. ఇరవై నాలుగేళ్ళు. అదే నంబరు. ప్రతి వరుసకూ చివర ఒక గడి ఉంటుంది, సరైన జవాబు ఏమిటో ముందే రాసుకోవాలి. రాయడానికి ఆస్పత్రివాళ్ళ నియమాలు తిరగేసింది. పద్దెనిమిదో ఏడు దాటాక నలభై దాకా ఏమీ లేదు. పేజీ మారిందేమోనని మళ్ళీ చూసింది. లేదు. చివరి గడిలో "ఏ సందేశమూ రాకూడదు" అని రాసి మీట నొక్కింది.

పసివాడు, బడిపిల్లవాడు, పదిహేడు, పద్దెనిమిది. ఇరవై నాలుగు ఆకుపచ్చబడింది. పెట్టె తెరిచి చూస్తే వాడి పేరున ఏమీ లేదు. అంతా సరిగ్గా ఉంది. ఒక వరుస ఎర్రబడితే బాగుండునని ఆమె కోరుకోవడం అదే మొదటిసారి.

ఉండబట్టలేక ఆస్పత్రి తరఫున వాళ్ళతో మాట్లాడే డాక్టరుకు ఫోన్ చేసి, "ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళకు ఏమీ పంపరా డాక్టరుగారూ?" అని అడిగింది. ఆయన మంచాయన. విసుక్కోకుండా చెప్పాడు.

"ఏమని పంపుతామమ్మా? ఆ వయసులో రాళ్ళు తిన్నా అరుగుతాయి. లేనిపోని భయాలెందుకు పెట్టడం?"

"సరేనండీ," అంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఎంతోమంది విషయంలో నిజమే.

మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఆ పది అంకెలూ నొక్కింది. చెవిలో మోగడం మొదలైంది. మూడోసారి మోగుతుండగా ఎవరో ఎత్తారు. ఆ ఒక్క క్షణం ఎవరి ఊపిరి అది అన్నది ఆమెకు తెలియలేదు.

"హలో," అంది అమ్మ.

"నేనేనమ్మా."

"ఇంకా రాలేదే."

"రాదమ్మా. ఆ వయసుకు సందేశమేమీ లేదు."

"ఎందుకని?"

"ఆ వయసులో ఏమీ అవదని."

అటువైపు కుర్చీ కిర్రుమంది. "ఆ రోజు డాక్టరూ అదే అన్నాడు," అంది అమ్మ.

"అవునమ్మా."

"మనమూ నవ్వాం."

"నవ్వాం."

పైనుంచి దిగుతున్న వాళ్ళెవరో ఆమెను తప్పుకుని వెళ్ళారు. ఆమె ఇక పెట్టేయబోతుంటే అమ్మ అంది, "పెట్టేయకు. కాసేపు ఉండు."

ఆస్పత్రి పని ముగిసి చాలా కాలమైంది. ఆమె వేరే పట్టికలు రాస్తోంది, వేరే మనుషుల్ని కల్పిస్తోంది. నడుమ వయసువాళ్ళను కూడా ఒకరిద్దర్ని ఇరికిస్తుంది, ఎందుకని అడిగితే చాదస్తం అంటుంది. ఇప్పటికీ వరుస ఆకుపచ్చబడినప్పుడల్లా ఆమె చెవులు పక్కగది వైపు పోతాయి. ఆఫీసులో పక్కగది లేదు, గోడే ఉంది.

తమ్ముడి నంబరు ఇప్పుడు అమ్మది. పక్కింటి పిన్నిగారి దగ్గరా, ఫోన్ల షాపు దగ్గరా, కంటి డాక్టరు దగ్గరా అమ్మ అదే ఇచ్చింది. కూతురు రోజూ మధ్యాహ్నం దానికి ఫోన్ చేస్తుంది. అమ్మ ఎత్తుతుంది. కునుకు పట్టి ఉంటే ఎత్తదు.